కాంపాక్ట్ ఎస్‌యూవీకి రెండంగుళాల హిచ్, థూలే వింగ్‌బార్ ఎవో కప్పు బార్లు: ఏది ఎంత పనికొస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

రిసీవర్ హిచ్ అంటే ట్రైలర్ లాగడానికి బండి వెనక కింద బిగించే, చతురస్రపు గొట్టం ఉన్న ఇనుప చట్రం. చిన్న ఎస్‌యూవీకి రెండంగుళాల గొట్టంతో క్లాస్ 3 రకం కొంటే దాని స్టిక్కర్ మీద తరచుగా 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,588 కిలోలు అని ఉంటుంది. కొండి మీద నిలువుగా పడే బరువుకు 350 పౌండ్లు, అంటే 159 కిలోలు. ఆ అంకె ఇనుముది, బండిది కాదు. అమెరికా మార్కెట్లో పెట్రోల్ హోండా సీఆర్-వీకి కంపెనీ ఇచ్చిన లాగుడు పరిమితి 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు. మామూలు సుబారు ఫారెస్టర్‌దీ అంతే. అదే ఫారెస్టర్‌లో విల్డర్‌నెస్ రకానికి మాత్రం 2022–2025 మోడళ్లలో 3,000 పౌండ్లు ఉండేది. కాబట్టి హిచ్ కొనే ముందు బండి మాన్యువల్ తెరవాలి. అక్కడ లాగుడు బరువు, కొండి బరువు అని రెండు అంకెలు విడిగా ఉంటాయి, రెండూ రాసి పెట్టుకోవాలి. బాల్ మౌంట్ (రిసీవర్ గొట్టంలో దూర్చే కడ్డీ) మీద ఒక అంకె, బాల్ (దాని మీద ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద ఇంకో అంకె చెక్కి ఉంటాయి. వీటన్నిటిలో ఏది చిన్నదైతే అదే మీ పరిమితి.

ఇలాంటి బండ్లలో కొండి బరువు పరిమితి తరచుగా 150 పౌండ్లే, అంటే 68 కిలోలు. ట్రైలర్ నిలకడగా నడవాలంటే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొండి మీద పడాలని అమెరికా పద్ధతి. 680 కిలోల ట్రైలర్‌కి 10 శాతమే 68 కిలోలు, అంటే నిండా లాగితే వెసులుబాటు సున్నా. అందుకే ఈ తరగతి బండ్లకు 450–550 కిలోల ట్రైలరే సుఖం. వెనక బరువు ఎక్కువై కొండి తేలికైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ముందు బరువు ఎక్కువైతే బండి వెనక భాగం కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గి, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. బరువు చూసుకునే ఇంటి మిషన్‌ని చదును నేల మీద పెట్టి, దాని మీద తగిన ఎత్తు చెక్క దిమ్మ నిలబెట్టి, లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే ట్రైలర్ ముక్కుని దాని మీద ఆనించాలి. చక్రాలకు అడ్డు పెట్టడం మరవొద్దు.

ఇంత చిన్న పరిమితికి రెండంగుళాల రిసీవర్ ఎందుకు, అంగుళంపావు చాలదా? లాగడానికి మాత్రమే అయితే చాలు. సైకిల్ రాక్, సరుకు ట్రే లాంటివి తగిలించే ఆలోచన ఉంటే రెండంగుళాలదే తీసుకోండి. మంచి రాకులు ఎక్కువగా ఆ కొలతలోనే వస్తాయి, ఊగడం కూడా తక్కువ. అంగుళంపావుకి అడాప్టర్ పెట్టి రెండంగుళాల రాక్ తగిలించే దారి ఉంది గానీ, అది బరువుని మరో పది పన్నెండు సెంటీమీటర్లు వెనక్కి జరుపుతుంది. ఆ మేరకు రేటింగ్ తగ్గుతుంది. పిన్ను కూడా వేరు: అంగుళంపావుకి అర అంగుళం, రెండంగుళాలకి అయిదు బై ఎనిమిది అంగుళం. సన్న పిన్ను పెద్ద రంధ్రంలో దూరుతుంది, పని చేస్తున్నట్టే కనిపిస్తుంది. అదే ప్రమాదం.

బిగింపు సంగతికొద్దాం. మోడల్‌ని బట్టి ఇవి రెండు రకాలు. మొదటి రకంలో ఛాసిస్ పట్టాల్లో ఫ్యాక్టరీ వాళ్లు ముందే లోపల వెల్డింగ్ చేసి పెట్టిన నట్లకు (వెల్డ్ నట్లు) బోల్టులు వేస్తే సరిపోతుంది, బంపర్ విప్పే పని లేదు. రెండో రకంలో బంపర్ తొడుగు మొత్తం ఊడదీసి, లోపలి క్రాష్ బీమ్‌తో కలిపి గానీ, దాన్ని తీసేసి దాని చోట గానీ హిచ్ పెట్టాలి. పార్కింగ్ సెన్సర్ల వైర్లు, క్లిప్పులు, లోపలి స్క్రూలు అన్నీ కదులుతాయి. మొదటిది ఇద్దరు మనుషులకు ఒక మధ్యాహ్నం పని. రెండోది అలవాటు లేనివాళ్లు షాపులో ఇవ్వడమే మేలు. కొనే ముందే ఆ మోడల్ సూచనల పత్రం చూసి ఏ రకమో తేల్చుకోండి.

సైలెన్సర్ చల్లారాక మొదలుపెట్టాలి. చాలా బండ్లలో హిచ్ లోపలికి దూరాలంటే సైలెన్సర్ని కిందికి దించాలి. అంటే రబ్బరు హ్యాంగర్లు ఊడదీయాలి. సబ్బు నీళ్లు గానీ సిలికాన్ స్ప్రే గానీ వేస్తే జారతాయి. పెట్రోలియం నూనెలు రబ్బరుని ఉబ్బిస్తాయి కాబట్టి అవి వద్దు. హ్యాంగర్ తీయక ముందే సైలెన్సర్ కింద బెల్టు గానీ జాకీ గానీ పెట్టాలి. వదిలేస్తే బరువంతా ముందున్న ఫ్లెక్స్ పైపు మీద, సెన్సర్ వైరు మీద పడుతుంది. వేడి కవచం రేకు అడ్డొస్తే పత్రంలో చెప్పినంత మేరే కత్తిరించాలి.

అసలు చిక్కంతా వెల్డ్ నట్ల దగ్గరే. ఏళ్ల తరబడి రోడ్డు బురద, తుప్పు, ఫ్యాక్టరీ పూత ఆ మరల్లో పేరుకుంటాయి. సన్న వైర్ బ్రష్‌తో తోమి, తుప్పు వదిలించే నూనె వేసి ఒక గంట ఆగి, సరైన కొలత ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) మరలు శుభ్రం చేయాలి. బోల్టు కొలత పత్రంలోనే ఉంటుంది. ప్రతి బోల్టూ చేత్తోనే నాలుగైదు మరలు తిరగాలి, తిరక్కపోతే పానా పట్టకూడదు. వంకరగా ఎక్కిన బోల్టుని ఇంపాక్ట్ గన్‌తో (యంత్రపు పానా) తోస్తే నట్టు వెల్డింగ్ తెగి, మూసి ఉన్న పట్టా లోపల గిరగిరా తిరుగుతుంది. ఆపైన పట్టాకి రంధ్రం కోయడం తప్ప దారి ఉండదు. హిచ్ బిగింపులో ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం తినే తప్పు ఇదే, దాన్ని తప్పించడానికి కావాల్సింది పది నిమిషాల ఓపిక.

నట్లు లేని చోట కిట్‌లో చుట్ట తిరిగిన తీగ ఇస్తారు. దాన్ని చిన్న రంధ్రంలోంచి తోసి పెద్ద రంధ్రంలోంచి బయటికి లాగి, ముందు స్పేసర్ పలకని తీగకి ఎక్కించి, తర్వాత బోల్టు కొసని తీగ చుట్టలో తిప్పి, వెనక్కి లాగితే బోల్టు సరైన రంధ్రంలోంచి కిందికి దిగుతుంది. వరస మారిందా, పలక బయట ఉండిపోతుంది, బోల్టు తల ఒక్కటే సన్న రేకు మీద ఆనుతుంది. బోల్టు దిగాక కూడా హిచ్ ఎక్కించే దాకా తీగ వదలొద్దు, లోపలికి జారితే అయస్కాంతంతో వేట మొదలవుతుంది.

హిచ్ బరువు మోడల్‌ని బట్టి 15–20 కిలోలు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బోల్టులు ఎక్కించాలి. అన్నీ చేత్తో పట్టించాక, మధ్యలో ఉందో లేదో రెండు పక్కలా కొలిచి, అప్పుడే టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానా) పత్రంలోని అంకెకు బిగించాలి. బాల్ నట్టుకి కూడా టార్క్ ఉంటుందని చాలామంది మరిచిపోతారు: ముప్పావు అంగుళం కాడకి సాధారణంగా 160 ఫుట్-పౌండ్లు (217 న్యూటన్ మీటర్లు), అంగుళం కాడకి 250 (339). మామూలు పానాతో ఒంటిచేత్తో అంత రాదు. మొదటిసారి ట్రైలర్ లాగి వచ్చాక అన్నిటికీ మరోసారి రెంచ్ పెట్టి చూడాలి, ఎందుకంటే పూత అణిగి కొద్దిగా సడలుతుంది.

ఇక వైరింగ్. నాణ్యత విషయంలో హిచ్‌ల మధ్య తేడా తక్కువ, వైరింగ్ కిట్ల మధ్య మాత్రం చాలా ఎక్కువ. ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు. నాలుగు పిన్నుల చదును సాకెట్‌లో తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్, పసుపు ఎడమ ఇండికేటర్-బ్రేక్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్-బ్రేక్. చాలా కొత్త బండ్లలో ఇండికేటర్, బ్రేక్ వేరువేరు లైట్లు. వాటిని కలిపి ఒకే వైరుకి ఇవ్వడానికి కన్వర్టర్ కావాలి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకునే కన్వర్టరే కొనండి. అది బండి లైట్ల వైర్ల నుంచి సంకేతం మాత్రమే తీసుకుంటుంది, ట్రైలర్ బల్బుల భారం బ్యాటరీ మీద వేస్తుంది. నేరుగా లైట్ల వైరుకి అతికించే చవక రకాలు బండి కంప్యూటర్‌కి బల్బు పోయిందన్న భ్రమ కలిగిస్తాయి, ఒక్కోసారి మాడ్యూల్‌నే మాడ్చేస్తాయి.

డిక్కీ లోపలి ప్లాస్టిక్ విప్పి, టెయిల్ లైట్ల వెనక టీ-కనెక్టర్లు (వైరు కోయకుండా మధ్యలో తగిలించే ప్లగ్గులు) రెండు పక్కలా తగిలించి, బ్యాటరీ వైరుని వేడి భాగాలకీ కదిలే భాగాలకీ దూరంగా ముందుకి లాగాలి. ఫ్యూజు హోల్డర్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, ఫ్యూజుని మాత్రం అన్ని పనులూ అయ్యాకే పెట్టాలి. రేకులోంచి వైరు వెళ్లే ప్రతి చోటా రబ్బరు గ్రామెట్ (రేకు అంచు వైరుని కోయకుండా కాపాడే రింగు) ఉండాలి. ఎర్త్ వైరుకి పెయింట్ గీకిన వట్టి లోహం కావాలి. ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ లైట్లన్నీ మసక మసకగా కొట్టుకుంటున్నాయంటే పదికి తొమ్మిదిసార్లు ఎర్తే కారణం: తిరిగి వెళ్లే దారి లేక కరెంటు పక్క బల్బుల గుండా పోతోంది. ట్రైలర్ తగిలించకముందే చిన్న టెస్టర్‌తో ఒక్కో పిన్నూ చూసుకుంటే తప్పు బండిదో ట్రైలర్‌దో అప్పుడే తేలిపోతుంది. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే నాలుగు పిన్నులు చాలవు, ఏడు పిన్నుల సాకెట్, బ్రేక్ కంట్రోలర్ కావాలి.

పైకప్పు వైపు చూస్తే, థూలే వింగ్‌బార్ ఎవోలో కొనాల్సినవి మూడు వేర్వేరు వస్తువులు: బార్లు, కాళ్లు, బండికి తగ్గ ఫిట్ కిట్. బార్లు 108, 118, 127, 135, 150 సెం.మీ. కొలతల్లో వస్తాయి. కప్పు మీద పైకి లేచి కింద ఖాళీ ఉన్న పట్టాలైతే రెయిజ్డ్ రెయిల్ కాళ్లు సరిపోతాయి, వీటికి విడిగా కిట్ అక్కర్లేదు. పట్టా కప్పుకి అంటుకుని ఉంటే ఫ్లష్ రెయిల్, పట్టాలే లేకపోతే క్లాంప్, ఫ్యాక్టరీ రంధ్రాలుంటే ఫిక్స్‌పాయింట్. ఈ మూడింటికీ కిట్ కావాల్సిందే. ఒకే బండి వేర్వేరు ట్రిమ్‌లలో పట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఏడాది, మోడల్ చెప్పి వదిలేయకుండా కప్పు చూసి మరీ ఎంచుకోవాలి.

బిగింపు హిచ్ కంటే వంద రెట్లు సులువు. పట్టాల మీద ఇసుక రేణువు లేకుండా తుడవాలి, లేదంటే రబ్బరు కింద పెయింట్ అరుగుతుంది. ముందు వెనక బార్ల మధ్య దూరం సుమారు 70 సెం.మీ. ఉంటే చాలా పెట్టెలు కూర్చుంటాయి, అయితే మీ బండి కిట్ పత్రంలో ఇచ్చిన కొలతే చివరి మాట. కాళ్లతో వచ్చే టార్క్ కీ సరిపడా బిగిశాక తనంతట తానే సంకేతం ఇస్తుంది. బలం ఉంది కదా అని ఇంకా తిప్పడం వల్ల ప్లాస్టిక్ తప్ప ఏదీ లొంగదు. రెండు పక్కలా వంతులవారీగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

గాలి మోత గురించి ఒక మాట. రెక్క ఆకారపు బార్ చతురస్రపు బార్ కంటే చాలా నిశ్శబ్దం, అది నిజమే. కానీ పై గాడిలోని రబ్బరు పట్టీని తీసి పారేసినా, పొట్టిగా కోసినా ఈలపాట మొదలవుతుంది. కాళ్లకీ తగిలించిన వస్తువులకీ మధ్య ఖాళీ కొలిచి ముక్కలు కోసి పెట్టాలి. కోసే ముందు ఓసారి పరిచి చూసుకోండి. గుండ్రని అంచు ముందుకి, సన్న అంచు వెనక్కి. తిప్పి పెట్టినవి రోడ్డు మీద బోలెడు కనిపిస్తాయి. ఇంకా మోత వస్తే బార్లని కొద్ది సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి చూడాలి. వాడని రోజుల్లో తీసేయడం ఉత్తమం, మైలేజీ కూడా నిలుస్తుంది.

కప్పు మీద బరువు లెక్క దగ్గర ఎక్కువమంది పొరపడతారు. పరిమితి 75 కిలోలు అనుకుందాం. అందులో బార్లు, కాళ్లు 5–6 కిలోలు, పెద్ద పెట్టె 20 కిలోలు పోతే సామానుకి మిగిలేది 49–50. బార్ల ప్యాకింగ్ మీద 100 కిలోలని రాసి ఉన్నా బండి అంకెదే పైచేయి. కప్పు మీద గుడారం వేసేవాళ్లు కదిలేటప్పటి పరిమితి, నిలిపి ఉంచినప్పటి పరిమితి వేరని గుర్తించాలి: బండి కదులుతుంటే బ్రేక్, మలుపు, గుంత అన్నీ ఆ బరువుని గుంజుతాయి, నిలిపాక ఉండవు. ఆ రెండో అంకె కంపెనీ ఇచ్చి ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి.

రెండూ కలిపి వాడితే ఇంకో మెలిక ఉంది. కొండి బరువు, కప్పు బరువు, మనుషులు, డిక్కీ సామాను అన్నీ బండి మోయగల ఒకే కోటాలోంచి పోతాయి. తలుపు చట్రం మీద స్టిక్కర్‌లో ఆ అంకె 400 కిలోలు ఉందనుకోండి. నలుగురు మనుషులు 280, కొండి 68, కప్పు 75: మొత్తం 423. డిక్కీలో ఒక్క సంచీ పెట్టకముందే 23 కిలోలు దాటింది. విడివిడిగా చూస్తే ఏ పరిమితీ దాటలేదు.

సైకిళ్లకైతే హిచ్ రాకే ముందు, కప్పు తర్వాత. ఎత్తనవసరం లేదు, గాలి కొట్టదు, పోర్టికో కమ్మీకి తగిలే భయం లేదు. అయితే 20 కిలోల రాక్, 25 కిలోల విద్యుత్ సైకిళ్లు రెండు కలిస్తే 70 కిలోలు, పైన చెప్పిన 68 దాటిపోయింది. పైగా ఆ బరువు బాల్ కంటే చాలా వెనక వేలాడుతుంది కాబట్టి ఒత్తిడి ఇంకా ఎక్కువ. ట్రైలర్ కాకుండా రాక్ తగిలిస్తే రేటింగ్ సగమేనని కొన్ని కంపెనీలు రాస్తాయి, ఆ వాక్యం కోసం పత్రం వెతకండి. సెన్సర్లు కూత పెట్టడం, కెమెరాకి సైకిల్ చక్రం తప్ప ఏమీ కనపడకపోవడం, నంబర్ ప్లేటు మరుగున పడటం మామూలే. డిక్కీ తెరుచుకోవాలంటే కిందికి వంగే రాక్ తీసుకోవాలి. కప్పు మీద పెట్టె పెట్టేవాళ్లు కూడా ముందే డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి చూడాలి. చిన్న ఎస్‌యూవీల్లో పైకి లేచిన తలుపు అంచు పెట్టె వెనక మూలకి తగలడం తరచుగా జరిగేదే.

ధర పెట్టదగిన వరసలో అయితే హిచ్ ముందు, వైరింగ్ దాని వెంటే, బార్లు మూడో చోట. పొడవైన నిచ్చెన, పడవ, పెట్టె మోసే అవసరం నిజంగా ఉంటేనే బార్ల మీద ఖర్చు చేయండి. వాడని రోజుల్లో రిసీవర్ గొట్టానికి రబ్బరు మూత, సాకెట్‌కి దాని మూత వేసి, సాకెట్ పిన్నులకు కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు ప్రవహించని, తడి ఆపే గ్రీజు) రాయాలి. వానాకాలం ముందు ఒకసారి బాల్ మౌంట్ బయటికి లాగి చూడండి, ఒక్క సీజన్ వదిలేస్తే తుప్పు పట్టి గొట్టంలోనే ఇరుక్కుపోతుంది, అప్పుడు సుత్తి తప్ప మాట వినదు.