స్క్రిప్టు పంపే మెయిల్: సొంత సర్వర్ నుంచా, జీమెయిల్ ద్వారానా?

రాత్రి బ్యాకప్ విఫలమైతే స్క్రిప్టు ఒక మెయిల్ పంపాలి. ఆ మెయిల్ రాకపోతే అంతా సవ్యంగానే ఉందనుకుంటాం. అందుకే దాన్ని ఏ దారిలో పంపాలన్నది నిదానంగా ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.

సొంత సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామును పెట్టుకుని, మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే 25వ పోర్టు ద్వారా నేరుగా పంపడం పాత పద్ధతి. ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు కాబట్టి ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లలో బయటికి వెళ్లే 25వ పోర్టు ముందే మూసి ఉంటుంది. వేరేచోట తెరిచి ఉన్నా సర్వర్ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి పేరు చెప్పే నమోదు), డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపే పద్ధతులు) కావాలి. 2024 ఫిబ్రవరి నుంచి తనకు మెయిల్ పంపే అందరికీ జీమెయిల్ పెట్టిన నిబంధన ఇది. రోజుకొక్క మెయిల్ కోసం ఇంత శ్రమ వృథా అని నా అభిప్రాయం.

జీమెయిల్ ద్వారా పంపడం తేలిక. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ప్రోగ్రాముల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుంటే చాలు. పైథాన్‌లో మెయిల్ పంపే లైబ్రరీ ఎస్‌ఎంటీపీలిబ్‌తో జీమెయిల్ సర్వర్ 587వ పోర్టుకు కలిసి, స్టార్ట్‌టీఎల్‌ఎస్ చేసి (అంటే ఆ కనెక్షన్‌ను గుప్తీకరించి), లాగిన్ అయి పంపవచ్చు. మామూలు ఖాతాకు రోజుకు 500 మెయిళ్ల పరిమితి ఉన్నా ఈ పనికి అది ధారాళం. పాస్‌వర్డ్‌ను మాత్రం స్క్రిప్టులో రాయకండి. దీనికోసం విడిగా ఒక ఖాతా తెరవడం ఇంకా క్షేమం.

ఇందులో అసలు లోపం వేరే ఉంది. ఎస్‌ఎంటీపీలిబ్‌కు వెళ్లని మెయిల్‌ను దాచి ఉంచే క్యూ లేదు. సరిగ్గా ఆ క్షణంలో నెట్‌వర్క్ లేకపోతే ఎర్రర్ వస్తుంది, మళ్లీ ప్రయత్నించేవారుండరు. బ్యాకప్ కూడా తరచుగా ఆ నెట్‌వర్క్ పోయినందువల్లే ఆగుతుంది!

అందుకే నేను రెండింటినీ కలపమంటాను. పోస్ట్‌ఫిక్స్ ఉండాలి, కానీ నేరుగా పంపడానికి కాదు. రిలేహోస్ట్‌గా (మెయిల్‌ను ముందుకు చేరవేసే సర్వర్‌గా) జీమెయిల్ 587వ పోర్టును చూపించి, స్క్రిప్టు మెయిల్‌ను లోకల్‌హోస్ట్‌కు, అంటే అదే యంత్రంలోని పోస్ట్‌ఫిక్స్‌కు, అప్పగించాలి. వెళ్లని మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ దాచి, మామూలు అమరికలో 5 రోజుల వరకు మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. బ్యాకప్ విజయవంతమైన రోజున కూడా ఒక మెయిల్ పంపించండి. అప్పుడు ఏ రోజు మెయిల్ రాకపోయినా వెంటనే అనుమానం వస్తుంది.

వేలమంది ఖాతాదారులకు బిల్లులు పంపే పనికి ఈ ఏర్పాటు చాలదు. దానికి పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపే అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటి సేవే సరైనది.