బుల్లెట్‌కి చేత్తో కుట్టించిన తోలు సీటు: ఎండకీ వానకీ వాడి చూశాక

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి విజయవాడ ఆటోనగర్‌లో చేత్తో కుట్టించుకున్న తోలు సీటు ఇది. ఏళ్ల తరబడి వాడుతున్నాను. నాకు ప్రాణం. అయినా అడిగిన ప్రతివాళ్లకీ కుట్టించుకోమని చెప్పను.

ముందు ఫోమ్ సంగతి. తోలు చూసి అందరూ ముచ్చటపడతారు గానీ, నడుమునీ తొడలనీ కాపాడేది లోపలున్న ఫోమే. మెత్తటి ఫోమ్ షాపులో చేత్తో నొక్కితే బ్రహ్మాండంగా ఉంటుంది. గంటసేపు బండి నడిపేసరికి అణిగిపోయి, అడుగున ఉన్న గట్టి పలక తగలడం మొదలవుతుంది. నాకు కుట్టిన మేస్త్రి అడుగున గట్టి రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కల్ని అదిమి అతికించి చేసేది) వేసి, దాని మీద అంగుళం మందాన మెత్తటి పొర అతికించారు. తర్వాత నన్ను బండి మీద కూర్చోబెట్టి, మడమలు నేలకి ఆనుతున్నాయో లేదో చూసి, తొడలు ఒరుసుకునే ముందు అంచుల్ని కత్తితో చెక్కారు. కొత్త క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. ఎత్తు ముట్టుకోకపోయినా ముందువైపు వెడల్పు తగ్గితే కాలు తిన్నగా కిందికి దిగుతుంది, పొట్టివాళ్లకి అదే పెద్ద మేలు. వెనకవైపు మాత్రం వెడల్పుగానే ఉంచారు. చెక్కడం, కూర్చోబెట్టి చూడడం, మళ్లీ చెక్కడం, ఒక పూటంతా దీనికే పోయింది. ఈ పని చెయ్యకుండా నేరుగా తోలు తొడిగేసే చోట డబ్బు పెట్టకండి.

తోలు గేదెది, సుమారు రెండు మిల్లీమీటర్ల మందం, తమిళనాడు నుంచి తెప్పించింది. బజార్లో ఎక్కువగా దొరికేది క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. అది మెత్తగా ఉంటుంది, తడికి కాస్త ఓర్చుకుంటుంది. నేను పట్టుబట్టి చెట్టు బెరడుతో పదును చేసిన తోలు అడిగాను. దక్షిణాదిలో ఇది చాలా పాత విద్య. మన బీడు భూముల్లో పచ్చగా పూసే తంగేడు ఉంది కదా, దాని బెరడూ, కరక్కాయా ఈ పనికి వాడేవారు. ఈ తోలు కొత్తలో బిగుసుగా ఉంటుంది. అందుకే దాన్ని తడిపి, ఫోమ్ వంపుల మీద సాగదీసి, నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాతే కుట్టారు. మొదట్లో లేత గోధుమ రంగులో ఉండేది, ఇప్పుడు పాత బెల్లం రంగుకి తిరిగింది. నేను కూర్చునే తీరుకి ఒదిగిపోయింది కూడా. రెగ్జిన్‌లో ఇది రాదు.

ఇంకో మాట. ఈ రకం తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే నల్లటి మరకలు పడతాయి, ఎంత తుడిచినా పోవు. అందుకే మేస్త్రి ఇత్తడి రివెట్లు వాడారు. మీరు కుట్టించుకునేటప్పుడు ఇది ముందే అడగండి.

కుట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. తోలు గుచ్చే ఆరెతో రంధ్రం చేసి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి లాగుతారు. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకచోట తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. నా సీటు పక్కన ఒకచోట బ్యాగు బకిల్ రాసుకుని దారం తెగింది. అటూ ఇటూ ఉన్న కుట్లు ఈ రోజుకీ కదల్లేదు. అంచులు కలిసే చోట తోలుని రంపెతో, అంటే తోలు కోసే కత్తితో, పలుచగా చెక్కారు కాబట్టి దూరప్రయాణాల్లో తొడకి ఒత్తుకోదు. వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది. ఘాట్‌లో గంటలకొద్దీ అటూ ఇటూ కదులుతూ నడిపినా ఎక్కడా మంట పుట్టలేదు.

ఇక కష్టాలు. ప్రతి కుట్టు రంధ్రం వాన నీటికి దారే. మేస్త్రి కూర్చునే చోట కుట్టు రాకుండా చూసి, తోలుకీ ఫోమ్‌కీ మధ్య ప్లాస్టిక్ షీటు వేసినా, గట్టి వానలో నీళ్లు లోపలికి పోతాయి. ఒకసారి తాగిన ఫోమ్ ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే ముసురు పట్టిన వారాల్లో కంపెనీ రెగ్జిన్ సీటు బిగించుకుంటాను. వానలో రెగ్జిన్‌దే పైచేయి. పార్కింగ్‌లో కవర్ కప్పి రోజుల తరబడి వదిలేస్తే బూజు పడుతుంది. మే నెల ఎండలో బయట నిలిపితే తోలు ఎండిపోయి, గీతలు గీతలుగా పగుళ్లు మొదలవుతాయి.

నూనె రెండు మూడు నెలలకోసారి చాలు. పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ ఆయిల్ బట్టకి అద్ది పలుచగా రాసి, రాత్రంతా నీడలో ఉంచుతాను. వానాకాలం ముందు తేనెమైనం కలిపిన పాలిష్ పట్టిస్తాను. ఎక్కువ నూనె పట్టిస్తే తోలు సాగిపోయి ముడతలు పడుతుంది. తడిసిన సీటుని తొందరపడి ఎండలో పెడితే అట్టలా బిగుసుకుంటుంది. మొదటి కొన్ని నెలలు తెల్ల ప్యాంటు వేసుకోకండి, రంగు అంటుతుంది.

ఖర్చు రెగ్జిన్ సీటుకి మూడు నాలుగు రెట్లు. బండి రాత్రిపూట నీడలో, కప్పు కింద ఉండే వీలుండి, నెలకో అరగంట దాని కోసం కూర్చునే ఓపిక ఉంటే ధైర్యంగా కుట్టించుకోండి. రోజంతా ఆఫీసు బయట రోడ్డు మీద నిలిపేవాళ్లు మాత్రం అదే మేస్త్రి దగ్గర ఫోమ్ ఒక్కటి చెక్కించుకుని, పైన మంచి రెగ్జిన్ వేయించుకోండి. సుఖంలో ముప్పాతిక వంతు అందులోనే వచ్చేస్తుంది. తోలే కావాలంటే చలికాలంలో ఆర్డరివ్వండి, వానలు మొదలయ్యేలోపు తోలు కుదురుకుని రెండుసార్లు నూనె పట్టే టైమ్ దొరుకుతుంది.