ఫైబర్ నెట్‌తో టీవీ కూడా వస్తుందంటే జాగ్రత్త, మీ టీవీ మీద ఆడించి చూపించేదాకా ఏడాది డబ్బులు కట్టకండి

"నెట్ మాదే, టీవీ చానళ్లూ మావే, కేబుల్ పీకేయండి" అని ఎవరైనా మీ ఇంటికి వచ్చి చెబితే డబ్బులు చేతిలో పెట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. నేను చదవకుండా కట్టాను, ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో పెద్దావిడకి సమాధానం చెప్పుకోలేక నానా అవస్థ పడ్డాను. కంపెనీ పేరు రాయడం లేదు. తెలిసినవాళ్లని వాకబు చేస్తే ఇంకో రెండు కంపెనీల దగ్గరా ఇదే తంతు అని తెలిసింది, కాబట్టి పేరు చూసి తప్పించుకునే వ్యవహారం కాదిది.

మేముండేది నిజాంపేటలో. ఒక శనివారం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గొడుగు కింద టేబుల్ వేసుకుని ఇద్దరు అబ్బాయిలు కూర్చున్నారు. 100 ఎంబీపీఎస్ స్పీడు, నాలుగైదు ఓటీటీలు, పైగా తెలుగు చానళ్లన్నీ లైవ్‌లో, నెలకు 999 అన్నారు. నేను అడిగింది ఒక్కటే, మా హాల్లో టీవీకి ఫైర్ టీవీ స్టిక్ ఉంది, అత్తయ్యగారి గదిలో ఎల్‌జీ స్మార్ట్ టీవీ ఉంది, రెండిట్లోనూ వస్తుందా అని. "అన్నిట్లోనూ వస్తుంది అక్కా, బాక్స్ కూడా అక్కర్లేదు, యాప్ వేస్తే చాలు" అన్నాడు. ఆ మాట రాసివ్వమని నాకు అప్పుడు తట్టలేదు. ఏడాదికి కడితే ఒక నెల అదనం అన్నారు, కట్టేశాం. 999 అన్నది చివరికి 18 శాతం జీఎస్టీ కలిపి ఏడాదికి 14,146 రూపాయలు అయింది, ఇన్‌స్టలేషన్‌కి ఇంకో వెయ్యి. అదే వారం కేబుల్ అతన్ని పిలిచి సెట్ టాప్ బాక్స్ తిరిగి ఇచ్చేశాం. ఇది నేను చేసిన పెద్ద పొరపాటు.

నెట్ గురించి నాకు ఫిర్యాదు లేదు, చెప్పిన స్పీడు వచ్చింది. టీవీ దగ్గరికి వచ్చేసరికి అసలు కథ మొదలైంది. లైన్ వేయడానికి వచ్చిన అబ్బాయి స్టిక్‌లో వాళ్ల యాప్ పేరు కొట్టి వెతికితే అలాంటిది ఏదీ రాలేదు. ఇంకోసారి వెతికాడు, స్పెల్లింగ్ మార్చి వెతికాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పరికరం పేరు మీద రిమోట్ పెట్టి ఏడుసార్లు టకటకా నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్) ఒకటి ఎక్కించాడు. యాప్ తెరుచుకుంది. కానీ బొమ్మ నిలువుగా, తెర మధ్యలో సన్నటి పట్టీలా వచ్చింది, రెండు పక్కలా నలుపు. రిమోట్ బాణాలు నొక్కితే ఏదీ కదల్లేదు. దానికోసం మౌస్ బాణంలాంటిది తెచ్చే ఇంకో యాప్ వేశాడు. అప్పుడు రిమోట్‌తో ఆ చిన్న బాణాన్ని మెల్లమెల్లగా జరుపుకుంటూ చానల్ మీదకి తీసుకెళ్లి నొక్కాలి. డెబ్బై రెండేళ్ల మనిషి ఆ పని చేయగలరా?

ఎందుకిలా అయిందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను, మీకూ తెలియడం మంచిది. ఫైర్ టీవీ స్టిక్ ఆండ్రాయిడ్ మీదే కట్టినదైనా అందులో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు, అమెజాన్ సొంత స్టోరే ఉంటుంది. నెట్ కంపెనీ తన యాప్‌ని అక్కడ పెట్టకపోతే స్టిక్‌లో దొరకదు. వాళ్లు మాకు పంపింది ఫోన్ కోసం చేసిన యాప్. వేలితో తాకి వాడే యాప్‌ని రిమోట్‌తో నడపమంటే అలాగే ఏడుస్తుంది. ఇంకో సంగతి, ఇప్పుడు కొత్తగా వస్తున్న కొన్ని ఫైర్ స్టిక్‌లలో ఆండ్రాయిడే లేదు, వేగా అనే వేరే సిస్టమ్ పెట్టారు, వాటిలో ఈ ఏపీకే దారి కూడా మూసుకుపోయింది. కాబట్టి "స్టిక్‌లో వస్తుంది" అంటే సరిపోదు, ఏ మోడల్ స్టిక్ అన్నది అడగాలి.

అత్తయ్యగారి గదిలో టీవీ సంగతి అంతకన్నా అన్యాయం. ఎల్‌జీ టీవీలది వెబ్‌ఓఎస్, శాంసంగ్ టీవీలది టైజెన్. ఆండ్రాయిడ్ యాప్ వాటిలో ఎంత తల కొట్టుకున్నా ఎక్కదు, ఆ టీవీల కోసమే వేరుగా తయారుచేసిన యాప్ ఉండాలి. మా కంపెనీకి అది లేనే లేదు. ఈ ముక్క గేటు దగ్గర అమ్మిన అబ్బాయికి తెలియదా అంటే, తెలియకపోవచ్చు, కానీ కస్టమర్ కేర్‌లో ఉన్నవాళ్లకి తప్పకుండా తెలుసు. మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఒకావిడ "ఆ టీవీకి సపోర్ట్ లేదు మేడమ్, మా బాక్స్ తీసుకోండి, నెలకు అదనంగా పడుతుంది" అని మామూలు విషయంలా చెప్పింది. బాక్స్ అక్కర్లేదనే కదా మేం చేరింది.

అత్తయ్యగారు రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం చూస్తారు. అన్నం అది అయ్యాకే. మొదటి రోజు పన్నెండుకి హాల్లోకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటే తెర మీద తిరిగే చక్రం తప్ప ఏమీ లేదు. "పోనీలేమ్మా, రేపు చూద్దాం" అన్నారు. ఆ మాటకి నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. చివరికి ఆ టీవీలోనే ఉన్న యూట్యూబ్‌లో ఎస్వీబీసీ లైవ్ పెట్టిచ్చాను, అది హాయిగా వచ్చింది. అంటే టీవీలో లోపం లేదు, నెట్‌లో లోపం లేదు.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే గురించి గట్టిగా చెబుతున్నాను, వేయనివ్వకండి. కంపెనీ మనిషే తెచ్చినా సరే. అది అసలు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు ఏం కలిపారో మనకి తెలిసే దారి లేదు, స్టోర్‌లో లేదు కాబట్టి అప్‌డేట్లూ సరిగ్గా రావు. ఆ డెవలపర్ ఆప్షన్ ఒకసారి తెరిచాక మూయడం ఎవరికీ గుర్తుండదు. స్టిక్‌లో మన అకౌంట్ ఉంటుంది, దానికి కార్డు కలిపి ఉంటుంది. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే ఆ యాప్ తీసేసి, తెలియని యాప్‌లకి ఇచ్చిన అనుమతి ఆఫ్ చేయండి. నేను స్టిక్‌ని పూర్తిగా రీసెట్ చేసి మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాను.

రిజిస్ట్రేషన్ మీద కూడా కన్నేసి ఉంచండి. పది రోజుల తర్వాత యాప్ లాగౌట్ అయింది, ఓటీపీ అడిగింది, నా ఫోన్‌కి రాలేదు, మావారి ఫోన్‌కి రాలేదు. గంట తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, హడావుడిలో లైన్ వేసిన అబ్బాయి తన సొంత నంబర్‌తో యాక్టివేట్ చేశాడట. ఓటీటీలన్నీ కూడా ఆ నంబర్‌కే కలిశాయి. అడిగితే "సారీ అక్కా, ఆ రోజు ఎనిమిది కనెక్షన్లు ఉన్నాయి, టెన్షన్‌లో కొట్టేశాను" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, ఎండలో నిచ్చెన మోసుకుని తిరిగే పిల్లాడు. కానీ నంబర్ మార్చడానికి ఆఫీసువాళ్లకి పదహారు రోజులు పట్టింది.

సరే అని హాల్లో టీవీకి వాళ్ల బాక్సే తీసుకున్నాం. అప్పుడు తెలిసినవి ఇంకొన్ని. ఒక కనెక్షన్ మీద ఒకేసారి ఒక్క టీవీలోనే లైవ్ ఆడుతుంది, రెండోదానికి మళ్లీ డబ్బు. ఆ యాప్ వాళ్ల నెట్ మీద తప్ప వేరే వైఫైలో తెరుచుకోదు, అత్తయ్యగారు విజయవాడలో కూతురింటికి వెళ్లినప్పుడు ఫోన్లో కూడా చూడలేకపోయారు. క్రికెట్ మ్యాచ్ అయితే కేబుల్ ఉన్న పక్క ఫ్లాట్ వాళ్లు అరిచిన అర నిమిషానికి మా టీవీలో వికెట్ పడుతుంది. పిల్లలు మ్యాచ్ చూడటమే మానేశారు.

గుంటూరులో మా తమ్ముడిది ఇంకో రకం సమస్య. వాడు ఆఫర్‌లో కొన్న టీవీకి ఆండ్రాయిడ్ అని రాసి ఉంది కానీ గూగుల్ సర్టిఫికెట్ లేదు. యాప్ ఎక్కింది, చానళ్లూ వచ్చాయి, కాకపోతే అన్నీ మసకమసకగా. వైడ్‌వైన్ అని వీడియోని కాపీ కొట్టకుండా కాపాడే ఒక రక్షణ పద్ధతి ఉంటుంది, పరికరానికి దానిలో పై స్థాయి ఎల్1 లేకుండా కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉంటే చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. వాడు నెట్ స్లో అనుకుని రౌటర్ మార్చాడు, పెద్ద ప్లాన్‌కి వెళ్లాడు. ఆ డబ్బంతా వృథా.

అందుకని చేరే ముందు మీ టీవీ వెనకాల స్టిక్కర్, స్టిక్ మోడల్ ఫొటో తీసి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపి, "దీంట్లో మీ లైవ్ టీవీ వస్తుందా, ఎన్ని టీవీల్లో ఒకేసారి వస్తుంది" అని అడిగి జవాబు రాతలో తెప్పించుకోండి. నోటిమాట వద్దు. మీరు రోజూ చూసే చానళ్ల పేర్లు చెప్పి అడగండి, మూడొందల యాభై చానళ్లు అంటారు, మీకు కావలసినవి ఆరే. మొదట ఒక్క నెలకే కట్టండి, అదనపు నెలకి ఆశపడకండి. ఆ నెల అయ్యేదాకా కేబుల్ బాక్స్ ఇంట్లోనే ఉంచండి. ఓటీపీ మీ ఫోన్‌కి వచ్చిందా లేదా చూసుకున్నాకే వచ్చిన మనిషిని పంపండి.

ఇరుక్కున్నవాళ్లు ఫోన్‌లో గొడవపడి వదిలేయకండి, ప్రతిసారీ డాకెట్ నంబర్ (ఫిర్యాదుకి ఇచ్చే నంబర్) అడిగి రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడి విడి ఫిర్యాదులు తీసుకోదు. కానీ దాని నిబంధనల ప్రకారం నెట్ కంపెనీలో అప్పీల్ చూసే అధికారి ఒకరు ఉండాలి, ఆ అప్పీల్‌కి ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే దానికీ ఫీజు కట్టక్కర్లేదు.

నేను ఐదు డాకెట్ నంబర్లు, గేటు దగ్గర ఇచ్చిన పాంప్లెట్ ఫొటో జతచేసి అప్పీల్ పెట్టాను. అందులో "అన్ని స్మార్ట్ టీవీల్లో" అని అచ్చేసి ఉంది, అదృష్టం కొద్దీ పారేయలేదు. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు వెనక్కి ఇస్తామని మెయిల్ వచ్చింది, ఇన్‌స్టలేషన్ వెయ్యి ఇవ్వరట. డబ్బు ఇంకా పడలేదు, పడ్డాక ఇక్కడే రాస్తాను. పాత కేబుల్ అతన్ని బతిమాలి మొన్న గురువారం బాక్స్ మళ్లీ పెట్టించాం. అత్తయ్యగారి చేతికి పాత రిమోటే వచ్చింది.