ట్రాసిమెనో చుట్టూ నడక: బస కొండమీదే పెట్టుకోండి

ఇటలీలో సరస్సులు అనగానే మనవాళ్లు కోమో, గార్డా పేర్లే చెబుతారు. మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో ఉన్న ట్రాసిమెనో వాటికి ఎంతో వెనకబడిందేమీ కాదు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా నాలుగోది, దాదాపు 128 చదరపు కిలోమీటర్లు. లోతు మాత్రం ఎక్కడా ఆరేడు మీటర్లు మించదు. కొల్లేరు చూసినవాళ్లకు ఇలాంటి నీరు కొత్త కాదు: రెల్లు, బురద, పక్షులు, నేల ఎక్కడ అయిపోయి నీరు ఎక్కడ మొదలైందో తేల్చి చెప్పలేని అంచులు. కోమోలో మాదిరిగా నీటిని ఆనుకుని కొండలు లేచి ఉంటాయనుకుని వస్తే నిరాశ తప్పదు. ఇక్కడి కొండలు కాస్త వెనక్కి జరిగి నిలబడ్డాయి. చూడదగ్గ ఊళ్లన్నీ వాటి నెత్తిన ఉన్నాయి. మే నెలలో నేనూ మా వదినా కలిసి చేసిన నడక తర్వాత నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే. ఈ సరస్సును పైనుంచి చూడాలి, రాత్రి బస కూడా పైనే పెట్టుకోవాలి. ప్రయాణ సంస్థల ప్యాకేజీలు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటాయి: పగలు కొండ, రాత్రి ఒడ్డు.

సరస్సు చుట్టూ పూర్తిగా తిరిగితే అరవై కిలోమీటర్ల లోపే. దానికి సైకిల్ బాట ఉంది, సైకిల్‌కే అది బాగుంటుంది. కాలినడకన చదునైన మట్టిబాట మీద పొలాలు, పడవల షెడ్లు, మళ్లీ పొలాలు చూస్తూ పోవడంలో పెద్ద రుచి లేదు. అందుకని మేము ఉత్తరాన పసిన్యానోలో మొదలుపెట్టి, కస్తెల్ రిగోనె కొండ ఎక్కి, తువోరో దగ్గర దిగి, పడవలో నీళ్లు దాటి కస్తిల్యోనె దెల్ లాగో చేరి, అక్కడి నుంచి దక్షిణపు కొండ ఊళ్లు పనికాలె, పచానో, చిత్తా దెల్లా పియెవె మీదుగా ముగించాం. దీనిలో మంచి సౌకర్యం ఏమిటంటే ఎక్కడ కాళ్లు మొరాయించినా రైలు దగ్గరలోనే ఉంటుంది. పసిన్యానో, తువోరో స్టేషన్లు తెరోంతొలా నుంచి పెరూజా వైపు వెళ్లే లైనులో ఉన్నాయి. కస్తిల్యోనె ఫ్లోరెన్స్ నుంచి రోమ్ వెళ్లే పాత లైనులో ఉంది. రెండూ తెరోంతొలాలో కలుస్తాయి. ఈ ప్యాసింజర్ రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానాయే.

పసిన్యానోలో మొదటి రాత్రి ఒడ్డునే ఉన్నాం, సాయంత్రం రైలు దిగాం కాబట్టి. గది కిటికీలోంచి సరస్సు కనిపిస్తుందన్నారు. నిజమే, రోడ్డు, పార్కింగు, ఐస్‌క్రీం దుకాణం దాటాక సన్నటి గీతలా కనిపించింది. దీపం వేయగానే గోడ మీద చిన్న పురుగులు నల్లగా వాలాయి. కుట్టవు గానీ నోట్లో, పళ్లెంలో, దిండు మీద పడతాయి. లోతు తక్కువ నీళ్లలో ఇవి పుడతాయి, ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతాయి. ఊరు మటుకు సరదాగానే ఉంది. జూలైలో ఇక్కడి జట్లు పడవలను నీళ్లలో నడిపి, ఆ పడవలనే భుజాల మీద మోసుకుంటూ వీధుల్లో పరుగెత్తే పోటీ ఒకటి జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు గది చాలా ముందుగా పట్టుకోవాలి.

కస్తెల్ రిగోనెకు ఎక్కడం ఉదయం పూటే కానివ్వాలి. సరస్సు మట్టం సముద్రానికి 258 మీటర్ల ఎత్తున ఉంటే ఈ ఊరు 650 మీటర్ల పైన ఉంది. ఆలివ్ తోటల్లో మొదలై ఓక్ చెట్లలోకి పోయే దారి. ఎరుపు, తెలుపు పట్టీల గుర్తులు చెట్లకూ రాళ్లకూ ఉన్నాయి, కానీ తోటల మధ్య చీలికల దగ్గర, సరిగ్గా కావలసిన చోట, ఉండవు. ఫోనులో పటం ముందే దింపుకుని వెళ్లడం మేలు. పైన 1494లో మొదలుపెట్టి కట్టిన మరియ మాత గుడి ఉంది. అంత చిన్న ఊరికి అంత పెద్ద గుడి ఎందుకా అనిపిస్తుంది. మా బస ఒక కుటుంబం నడిపే పాత రాతి ఇంట్లో. మంచం కిర్రుమంది, వైఫై మెట్ల దాకా మాత్రమే వచ్చింది. అయితే అరుగు మీద కూర్చుంటే సరస్సు మొత్తం, మూడు దీవులతో సహా, ఒక్క చూపులో పట్టింది. ఒడ్డు హోటల్ కంటే అద్దె కూడా తక్కువ. ఒకటే ఇబ్బంది: ఊళ్లో రాత్రి భోజనానికి ఎక్కువ చోట్లు లేవు, ఉన్నవాటికి వారంలో ఒక సెలవు రోజు ఉంటుంది. గది తీసుకునేటప్పుడే "ఆ రోజు భోజనం దొరుకుతుందా?" అని అడిగి తీరాలి.

మర్నాడు దిగుడు. దారిలో వెర్నత్సానో దగ్గర ఒక శిథిల కోట బురుజు ఒరిగిపోయి, ఇనుప తీగల ఆసరాతో నిలబడి ఉంది. టికెట్ లేదు, జనం లేరు. పీసా గోపురం దగ్గర తోపులాట పడినవాళ్లకు ఇది ఊరట. ఆ చుట్టుపక్కల నుంచి కిందికి చూసినప్పుడే నాకు క్రీ.పూ. 217 నాటి యుద్ధం అర్థమైంది. రోమ్‌కు శత్రువైన కార్తేజ్ రాజ్యపు సేనాని హన్నిబల్ తన సైన్యాన్ని ఈ కొండవాలుల్లో దాచి ఉంచాడు. రోమన్ కాన్సుల్ ఫ్లామినియస్ దళాలు పొద్దున్నే, నీటి మీది పొగమంచులో, సరస్సుకూ కొండకూ మధ్య ఇరుకుదారిన బారులు తీరి వచ్చాయి. పైవాళ్లు ఒక్కసారిగా దిగారు. వెనక్కి పోయేందుకు నీళ్లు తప్ప దారి లేదు. రోమన్లలో దాదాపు 15 వేల మంది చనిపోయారని ప్రాచీన చరిత్రకారులు రాశారు, ఫ్లామినియస్ కూడా వాళ్లలో ఒకడు. తువోరోలో దీని మీద ఒక మ్యూజియం, పొలాల్లో వివరణ పలకలతో నడక బాట ఉన్నాయి. పలకలు కొన్ని ఎండకు వెలిసిపోయాయి. పైనుంచి ఒకసారి చూసి దిగినవాళ్లకు పలకల అవసరం అంతగా లేదు.

తువోరో రేవు నుంచి ఈసొలా మజ్జోరె దీవికి పడవ ప్రయాణం కొద్దిసేపే. ఈమధ్య సంవత్సరాల్లో వానలు తగ్గి నీటిమట్టం బాగా పడిపోవడంతో పడవల రాకపోకలకు ఇబ్బందులు వస్తున్నాయి. పాత వేళల పట్టిక నమ్ముకోకుండా రేవులో అంటించినదే చూడాలి. దీవిలో ఒకటే వీధి, కార్లు లేవు, కాపురం ఉండేవాళ్లు బహు కొద్దిమంది. 1211లో అస్సీసీ ఊరి సెయింట్ ఫ్రాన్సిస్ ఉపవాస దినాలు ఇక్కడే గడిపాడని చెబుతారు. అందరూ ఆయన పేరు మీదే వస్తారు గానీ, మమ్మల్ని ఎక్కువసేపు ఆపింది లేసు మ్యూజియం. 1904లో ఇక్కడి జమీందారు కుటుంబపు ఆడపడుచు ఎలెనా గుల్యెల్మీ జాలరుల ఇళ్ల ఆడవాళ్లకు ఐర్లండ్ తరహా క్రోషే లేసు నేర్పించింది. మా వదినది నరసాపురం పక్క ఊరు. అక్కడా లేసు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పగా వచ్చిన పనే, ఆమె చిన్నప్పుడు ఇంటింటా అరుగుల మీద ఆడవాళ్లు అల్లుతుండేవారు. దీవి వీధిలో ఒక పెద్దావిడ గుమ్మం ముందు కూర్చుని అల్లుతూ, అమ్మడానికి కొన్ని ముక్కలు బల్ల మీద పరిచింది. వదిన ఒక గులాబీ పువ్వు ముక్క తీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తిరగేసి పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

"ఏం చూస్తున్నారు వదినా?"

"దారం చివర ఎక్కడ దాచిందో చూస్తున్నా. దొరకడం లేదు."

పెద్దావిడకు భాష తెలియకపోయినా వదిన చేతివేళ్లు చూసి సంగతి పట్టేసింది. సూది అందించింది. ఇద్దరూ చెరో ముక్క పట్టుకుని కూర్చున్నారు, మాకు ఎక్కాల్సిన పడవ వెళ్లిపోయింది. తర్వాతిది దొరికింది లెండి.

కస్తిల్యోనె దెల్ లాగో ఒడ్డు ఊళ్లలో ఒక్కదానికే నా సిఫార్సు. అది కూడా నీళ్లలోకి పొడుచుకొచ్చిన గుట్ట మీద ఉంది కాబట్టి. పదమూడో శతాబ్దపు కోటకూ, దెల్లా కోర్న్యా ప్రభువుల భవనానికీ మధ్య గోడలోంచి పోయే పొడవాటి ఇరుకు నడవా ఉంది. బాణాలు వేసేందుకు వదిలిన సన్నటి కంతల్లోంచి సరస్సు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. టికెట్ పెట్టి చూడాల్సిందే. వీధిలో వరసగా ఉన్న దుకాణాలన్నీ ఒకే సరుకు అమ్ముతాయి, వాటిని వదిలేయవచ్చు.

కస్తిల్యోనె నుంచి పనికాలె దాకా నడవకండి. తారురోడ్డు, మొక్కజొన్న, నీడ లేదు. మేము కారు మాట్లాడుకున్నాం. పనికాలె చేరాక మాత్రం నడక తప్ప మరో మార్గం లేదు, వీధులు గుండ్రంగా ఒకదానిలో ఒకటి చుట్టుకుని కొండను కట్టేశాయి. సెయింట్ సెబాస్టియన్ గుడిలో చిత్రకారుడు పెరుజీనో 1505లో వేసిన కుడ్యచిత్రం ఉంది. గుడికి తాళం ఉంటుంది, టికెట్ తీసుకుంటే మనిషి వచ్చి తీసి చూపిస్తాడు. సెబాస్టియన్‌ను స్తంభానికి కట్టి విలుకాళ్లు బాణాలు వేస్తుంటారు గానీ ఎవరి ముఖంలోనూ కోపం లేదు, నాట్యభంగిమలో నిలబడ్డారు. వాళ్ల వెనక కమానుల్లోంచి కనిపించే లేత నీలం పల్లపు భూమిని చూసి గుడి బయటికొచ్చి గోడ దగ్గర నిలబడితే, ఎదురుగా అలాంటిదే ఉంది. ఐదు వందల ఏళ్ల క్రితం ఆయనా పైనుంచే చూశాడు.

పచానో దగ్గర పొలంలో ఉన్న అగ్రితురీజ్మోలో దిగాం. వ్యవసాయం చేసే కుటుంబమే గదులు అద్దెకిచ్చి, తమ పంటతో వండి పెట్టే పద్ధతి ఇది. మొత్తం నడకలో అన్నిటికంటే మంచి బస ఇదే. నూనె వాళ్లదే, ద్రాక్షసారా వాళ్లదే. మేము మాంసం, చేప తినమని ముందే చెప్పి ఉంచాం. మట్టి గిన్నెలో ఒక గింజల వంటకం తెచ్చి పెట్టారు, పైన పచ్చి ఆలివ్ నూనె పోసి. ఫజొలీనా అంటారు, ఈ సరస్సు చుట్టుపక్కల మాత్రమే పేరున్న పంట. వదిన ఒక గింజ చెంచాలో పక్కకు తీసి దాని కన్ను చూసి, "ఇవి అలసందలే. చిన్నవి, అంతే" అన్నారు. నిజంగానే అదే మొక్క, అదే జాతి. పప్పుగింజ పెసర కంటే కాస్త పెద్దది. కాయలన్నీ ఒకేసారి పండవు కాబట్టి వారాల తరబడి రోజూ చేత్తో కోయాలి, ఎండబెట్టి కర్రలతో కొట్టి గింజ రాల్చాలి. అందుకే ధర మండిపోతుంది. దాదాపు అంతరించిపోతుండగా కొద్దిమంది రైతులు మళ్లీ నిలబెట్టారు. అర కిలో సంచి చూసి వదిన "ఈ డబ్బుకు మన ఊళ్లో బస్తా వస్తుంది" అని పెట్టేశారు. నేను కొన్నాను.

శాకాహారులకు ఇక్కడ ఆకలి బాధ లేదు. వేడి రాతి పలక మీద కాల్చే తోర్తా అల్ తెస్తో అనే రొట్టెలో ఉడికించిన ఆకుకూర, గొర్రెపాల జున్ను పెట్టి ఇస్తారు, దారికి అదే మాకు భోజనం. అయితే వేళలు కఠినం. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిల్లు మూత, రాత్రి ఏడున్నరకు ముందు తెరవరు, నడిమధ్య కిరాణా కూడా ఉండదు. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు కూర్చున్నందుకు వేస్తారు, అది మోసం కాదు, ఆనవాయితీ. చప్పటి రొట్టె మాత్రం నాకు చివరిదాకా అలవాటు కాలేదు. అందులో ఉప్పే వేయరు.

చిత్తా దెల్లా పియెవె పెరుజీనో పుట్టిన ఊరు. రాయి దొరకక అంతా ఎర్ర ఇటుకతో కట్టారు. 1504లో ఆయన ఇక్కడి ఒక భక్త సంఘానికి వేసిన, జ్ఞానులు బాలయేసును ఆరాధించే చిత్రం కంటే దాని ధర గురించి ఆయన రాసిన ఉత్తరాలు నాకు నచ్చాయి. 200 ఫ్లోరిన్ల (అప్పటి నాణేలు) పని, సొంత ఊరివాణ్ణి కాబట్టి 100 చాలన్నాడు, చివరికి 75కు దిగాడు. బేరమాడింది ఎవరో గానీ గట్టివాళ్లే.

సామాను సంగతి. బస నుంచి బసకు పెట్టెలు చేర్చే సేవ దొరుకుతుంది, ఇద్దరికి ఖర్చు ఎక్కువే. యాభై దాటినవాళ్లకు మాత్రం ఆ డబ్బు వృథా కాదు. మాకు ఒకరోజు పెట్టె చీకటి పడ్డాక వచ్చింది, కాబట్టి మందులు, ఒక జత బట్టలు వీపు సంచిలోనే ఉంచుకోవాలి. ఏప్రిల్, మే, సెప్టెంబర్ మంచి కాలం. శరదృతువులో అడవిపంది వేట ఉంటుంది, అప్పుడు వెళితే రంగు బట్టలు వేసుకుని బాట వదలకుండా నడవాలి. బస్సు టికెట్లు డ్రైవర్ దగ్గర కొందామనుకోకుండా పొగాకు దుకాణంలో ముందే కొనుక్కోవాలి, ఆ దుకాణం కూడా మధ్యాహ్నం మూసేస్తుంది. చిత్తా దెల్లా పియెవె నుంచి కియూసి స్టేషన్‌కు దిగితే రోమ్‌కూ ఫ్లోరెన్స్‌కూ రైళ్లు ఉన్నాయి. కానీ ఈ పల్లె బస్సుల వేళలు బడి పిల్లల రోజులను బట్టి ఉంటాయి, ఆదివారం వాటిని నమ్ముకోలేం. నడక శనివారానికి ముగిసేలా చూసుకోండి, లేదా ఇంటివాళ్లతో చెప్పి ముందురోజే కారు మాట్లాడి పెట్టుకోండి.