హెంప్ గింజల వెన్న ఇంట్లో చేశాను: రెండు ప్యాకెట్లు కొన్నాక నా అభిప్రాయం

పొట్టు తీసిన హెంప్ గింజలు ఆన్‌లైన్‌లో రెండుసార్లు తెప్పించాను. మొదటి ప్యాకెట్ దండగ, రెండోది బాగుంది, ఆ రెండోదాంతో మిక్సీలో పల్లీ బటర్ చేసినట్టే వెన్న చేశాను. శ్రీకాకుళంలో నేను అడిగిన రెండు మూడు దుకాణాల్లో దొరకలేదు కాబట్టి కొనేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

పార్సిల్ విప్పగానే కవరు మీద ఆకు బొమ్మ చూసి మా అత్తయ్యగారు "ఇదేటమ్మా, గంజాయి ఇంట్లోకి తెచ్చేవా" అని కంగారుపడ్డారు. తప్పు పట్టలేను, గంజాయి కేసుల వార్తలు మనవైపు రోజూ వింటున్నవే కదా. కాసేపు ఆ బొమ్మని పరకాయించి చూసి "గోగాకులా ఉందే" అన్నారు, చిన్నప్పుడు గోగు చేలల్లో తిరిగిన మనిషి. నిజమే, గోగు మొక్క శాస్త్రీయ నామంలో 'కన్నాబినస్' అనే ముక్క వచ్చింది ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే, అంతకుమించి రెండింటికీ చుట్టరికం లేదు. కానీ ఈ హెంప్ గింజలు మాత్రం గంజాయి జాతి మొక్కవే, అది దాచి చెప్పకూడదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ మాట కిందికి రావు. 2021 నవంబరులో ఫుడ్ సేఫ్టీ సంస్థ హెంప్ గింజల్ని, వాటి నూనెని, పిండిని ఆహారంగా ఒప్పుకుంది, కిలో గింజల్లో మత్తు పదార్థం టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు దాటకూడదని షరతు పెట్టింది.

ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి ఫొటో పెడితే వెంటనే ఫోన్ చేశాడు, "అత్తా, వీడియోల్లో కుకీల్లో వేస్తారే, ఆ బటర్ ఇదేనా?" అని. కాదురా అని కూర్చోబెట్టినట్టు చెప్పాను. వాళ్లు వాడేది గంజాయి పువ్వు. టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, అందుకే వెన్నలో కాస్తారు. మన దగ్గర ఆ పువ్వు ఇంట్లో ఉంటేనే కేసు. చట్టబద్ధమైన దేశాల్లో కూడా జనం దెబ్బతినేది ఇక్కడే: పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది, తింటే అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు, ఏమీ కాలేదే అని ఇంకో ముక్క తినేస్తారు, ఆ తర్వాత అంతా ఒక్కసారి ఎక్కుతుంది. కెనడాలో అందుకే ఒక ప్యాకెట్ తినుబండారంలో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు మించి ఉండకూడదని పరిమితి. మన గింజలు రెండు చెంచాలు, అంటే 20 గ్రాములు తింటే, మన షరతు ప్రకారం 0.1 మిల్లీగ్రాము మించదు. కెనడా పరిమితిలో నూరో వంతు. మా ఇంట్లో నాలుగేళ్ల పిల్లతో సహా తిన్నాం, ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఆర్మీ సెలక్షన్లకి తయారవుతున్న పిల్లలకి మాత్రం ఇప్పుడు పెట్టకండి, అక్కడ మత్తు పదార్థాల పరీక్షలుంటే మనకెందుకు టెన్షన్.

ఇక మొదటి ప్యాకెట్ సంగతి. పారదర్శకమైన కవరు, ప్యాక్ చేసి ఏడు నెలలైంది, అదీ మే నెల ఎండలో వచ్చింది. కత్తిరించగానే పాత నూనె వాసన గుప్పుమంది. ఒక్క గింజ కొరికితే నాలిక వెనక చేదు. ఫిర్యాదు చేస్తే విప్పిన తిండి వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. విప్పకుండా వాసన ఎలా తెలుస్తుందండీ? పైగా కవరు మీద టెన్షన్ తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది అని రాశారు, నాకు దానికే ఎక్కువ కోపం వచ్చింది. ఇది పప్పులాంటి తిండి, మందు అన్నట్టు అమ్మడం అన్యాయం.

రెండోసారి వేరే అమ్మకందారు దగ్గర, వెలుతురు చొరని మందపాటి పౌచ్, ప్యాక్ చేసి నెల కూడా కాలేదు, పావుకిలో నాలుగు వందలకి కాస్త తక్కువ. గింజలు నువ్వుల కంటే లావు, మెత్తన, మీగడ రంగు మీద అక్కడక్కడ ఆకుపచ్చ. కాగితం మీద వేసి వేలితో నొక్కితే చుట్టూ నూనె మరక పడింది, పచ్చివాసన తప్ప ఇంకే వాసనా లేదు.

సన్న సెగ మీద రెండు నిమిషాలు, గింజలు వెచ్చబడితే చాలు. నువ్వుల్లా చిటపటలాడేదాకా ఉంచితే పాడవుతాయి, నేను మొదటి గుప్పెడు అలాగే మాడ్చేశాను. చల్లార్చి చిన్న జార్‌లో వేసి, అర నిమిషం తిప్పడం, ఆపడం, గోడలకి అంటింది గీకడం. ముందు గుండ అవుతుంది, తర్వాత తడి ఇసుకలా ముద్ద కడుతుంది, ఇక్కడ చాలామంది నీళ్లో నూనో పోసేస్తారు, పోయకండి. ఇంకో నాలుగైదు సార్లు తిప్పితే దాని నూనె అదే వదిలి, లేత ఆకుపచ్చ వెన్నలా జారుతుంది. జార్ వేడెక్కితే పది నిమిషాలు వదిలేయండి. చిటికెడు ఉప్పు, అంతే. పొట్టుతో ఉన్న గింజలు కొంటే మాత్రం ఎంత తిప్పినా నోట్లో ఇసుక తగులుతుంది. వాటిని ఉత్తరాఖండ్ వాళ్లలా వేయించి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసంతో చట్నీ చేసుకోవడం మేలు.

రుచి పొద్దుతిరుగుడు పప్పుకీ వాల్‌నట్‌కీ మధ్య ఉంది. వేడి చోడి (రాగి) రొట్టె మీద రాసి పైన బెల్లం తురుము వేస్తే పిల్లలు మళ్లీ అడిగారు. బీరకాయ కూరలో నువ్వుగుండ బదులు వేశాను, అది మాత్రం కుదరలేదు, నువ్వుల కమ్మదనం దీనికి రాదు.

నూరు గ్రాముల్లో మాంసకృత్తులు 30 గ్రాముల పైనే, నువ్వుల్లో 18 దాకా. కాల్షియం కావాలంటే మాత్రం పొట్టు తీయని నువ్వులే, హెంప్ దరిదాపుల్లోకి రాదు. ఈ డబ్బుకి నువ్వులు కిలోకి పైగానే వస్తాయి కదా, అందుకే రోజూ వాడకానికి నేను నువ్వులు మానను. మాంసం, గుడ్డు తినని మా అత్తయ్యగారి కోసం మాత్రం హెంప్ మళ్లీ కొంటాను.

వెన్న గాజు సీసాలో ఫ్రిజ్‌లోనే పెట్టాలి, మాది మూడు వారాలు బాగుంది, నాలుగో వారానికి అడుగున ఓ చెంచా మిగిలితే పిల్ల వేలితో నాకేసింది. కొనేటప్పుడు ప్యాక్ చేసిన తేదీ, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉన్న ఫొటో పెట్టని అమ్మకందారు దగ్గర కొనకండి. పావుకిలో మించి ఒక్కసారి తెప్పించకండి, ముఖ్యంగా ఎండాకాలంలో.