పాత వ్యాగన్ ఇచ్చేసి పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ కొనేవాళ్లూ, జాగ్రత్త

స్టేషన్ వ్యాగన్ (వెనక సామాన్ల చోటు ఉన్న పొడవాటి కారు) పాతదైపోయిందని అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకుందామని చూస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను అదే పని చేశాను. మూడో నెలకే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, విప్పించాల్సి వచ్చింది. బండి ధరలో దాదాపు ఐదో వంతు రిపేరుకే పోయింది.

చూడ్డానికి వెళ్లిన రోజు, అమ్మే ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎండిన తారు రోడ్డు మీదే ఫోర్ వీల్ లివర్ వేసి నడిపారు. "రోజూ ఇలాగే వాడతానండీ, గ్రిప్ చూడండి" అన్నారు. నాకు తెగ నచ్చింది. నిజానికి అప్పుడే ఆ బండి వద్దనుకోవాల్సింది.

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో ఈ తేడాను సర్దడానికి మధ్యలో ఒక డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) పెట్టారు, అందుకే దానిలో నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతున్నా ఇబ్బంది ఉండదు. నేను కొన్నదాంట్లో అది లేదు. లివర్ వేయగానే ముందు చక్రాలను తిప్పే షాఫ్టు, వెనక చక్రాలను తిప్పే షాఫ్టు ఒకే వేగంతో తిరిగేలా లాక్ అయిపోతాయి. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి ఒత్తిడి వదులుతుంది. ఎండిన రోడ్డు మీద టైరు జారదు కాబట్టి ఆ భారమంతా గేర్ల మీద, చైను మీద, జాయింట్ల మీద పడుతుంది. పైగా నా బండికి ముందు ఒక సైజు టైర్లు, వెనక ఇంకో సైజు. అంటే తిన్నగా పోతున్నా ఆ భారం తప్పదు. ఇది మెకానిక్ చెప్పేదాకా నేను గమనించనే లేదు.

కాబట్టి నాలుగు టైర్ల సైజు, అరుగుదల కూడా చూడండి. మట్టి నేల మీద లివర్ వేయించి, కాస్త దూరం నడిపి, తిరిగి తీయించండి. తేలిగ్గా రాకపోయినా, లివర్ తీసేసి రెండు చక్రాలే లాగుతున్నప్పుడు కూడా మలుపులో స్టీరింగ్ బిగుసుకున్నా అనుమానించండి. ముందు, వెనక ఇరుసుల్లో ఉండే డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం.

వ్యాగన్ విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది. అది సుమారు 1,500 కిలోలు, ఇది 2,400. వానలో బ్రేకు నొక్కితే ఆ తేడా కాలికే తెలుస్తుంది. నాలుగు చక్రాలు లాగడం బండి కదలడానికి సాయం చేస్తుంది గానీ ఆగడానికి కాదు. బ్రేకులు వ్యాగన్‌కూ నాలుగు చక్రాలకే ఉన్నాయి. మూడో వరుస సీట్లు వేస్తే వెనక రెండు పెట్టెలు కూడా పట్టవు. వ్యాగన్‌లో నడుము వంచకుండా లోపలికి తోసేసిన సామాన్లను ఇక్కడ ఛాతీ ఎత్తుకు లేపాలి. అప్పుడప్పుడూ కాస్త బురద దాటడమే మీ అవసరమైతే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న వ్యాగన్లే ఉన్నాయి, సుబారు 1972లోనే అలాంటిది తెచ్చింది.

అన్నిటికంటే ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి, మీ మెకానిక్ చేత కింద భాగం చూపించండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. నాకు అమ్మిన ఆయన టైమ్ లేదన్నారు, నేను సరే అన్నాను.