గుమ్మం ముందుకొచ్చి కాగితాలు నమిలే బండి: అమెరికాలో మొబైల్ ష్రెడ్డింగ్ సర్వీసుపై సమీక్ష

ట్యాక్స్ రిటర్నుల గడువైన ఏప్రిల్ 15 దాటిందంటే ట్యాక్స్ ఆఫీసుల్లో, క్లినిక్కుల్లో, మనవాళ్ల ఐటీ కన్సల్టెన్సీల్లో పాత ఫైళ్ల అట్టపెట్టెలు గోడవారగా పేరుకుపోతాయి. చెత్తలో పడేసే వీల్లేదు. రోడ్డు పక్కన పెట్టిన చెత్తకు ప్రైవసీ హక్కు వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే గ్రీన్‌వుడ్ కేసులో తేల్చేసింది. క్రెడిట్ రిపోర్టుల వివరాలున్న కాగితాలను చదవడానికీ, తిరిగి అతికించడానికీ వీలులేకుండా నాశనం చేయాలని వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ పెట్టిన డిస్పోజల్ రూలు 2005 జూన్ నుంచి అంటూనే ఉంది. క్లినిక్కులకు రోగుల వివరాల గోప్యత చట్టం హిపా ఎలాగూ ఉంది. మన ఊళ్లో మిరపకాయ బజ్జీల పొట్లం మీద ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంటు కనిపిస్తే నవ్వుకుని ఊరుకుంటాం. ఇక్కడ అదే పని వ్యాపారం మీదికొస్తుంది.

ష్రెడ్డింగ్ యంత్రమున్న ట్రక్కును గుమ్మం ముందుకే రప్పించే ఈ సర్వీసుకు ఇచ్చే డబ్బు కత్తులకు కాదు, కళ్లకు. కాగితం గోదాము దాకా ప్రయాణం చేయకుండా మన ఎదుటే ముక్కలవుతుంది, అదే దీని గొప్ప. కానీ చాలామంది సంతకం పెట్టి లోపలికి వెళ్లిపోతారు. అలాంటప్పుడు ట్రక్కు పిలిపించడం దండగ. తాళం డబ్బాలో తీసుకెళ్లి ప్లాంటులో ముక్కలు చేసే చవక సర్వీసు తీసుకున్నా ఒకటే.

పని జరిగే తీరు ఇది. డ్రైవరు తాళం వేసిన చక్రాల డబ్బాను ట్రక్కు పక్కనున్న లిఫ్టుకు తగిలిస్తాడు. లిఫ్టు దాన్ని పైకెత్తి తొట్టిలోకి గుమ్మరిస్తుంది. చాలా బండ్లలో ట్రక్కు ఇంజిన్ నుంచే, దాని శక్తిని మళ్లించే పీటీవో అమరిక ద్వారా హైడ్రాలిక్ పంపు నడుస్తుంది, ఆ పంపు కత్తుల షాఫ్టులను తిప్పుతుంది. అందుకే పని అయ్యేదాకా ఇంజిన్ ఆపరు, చప్పుడూ తప్పదు. ముక్కలు వెనక గదిలోకి పోయి అదుముకుంటాయి. తర్వాత వాటిని బేళ్లు కట్టి పేపర్ మిల్లుకు పంపుతారు. 96 గ్యాలన్ల డబ్బాలో సుమారు 130 కిలోల కాగితం పడుతుంది. బాగా ఉన్న యంత్రానికి అది కొద్ది నిమిషాల పని. అట్టపెట్టెల లెక్కలో చెప్పాలంటే ఒక బ్యాంకర్స్ బాక్సు నిండుగా 13, 14 కిలోలు తూగుతుంది.

ముక్క సైజు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. ఐఎస్‌ఓ/ఐఈసీ 21964 ప్రమాణం కాగితానికి పీ-1 నుంచి పీ-7 దాకా స్థాయిలు పెట్టింది. పీ-3లో ముక్క 320 చదరపు మిల్లీమీటర్లు దాటకూడదు, పీ-4లో 160, పీ-5లో 30. ఆఫీసులో టేబుల్ కింద ఉండే 4×40 మిల్లీమీటర్ల క్రాస్‌కట్ మెషిన్ పీ-4 స్థాయిది. చాలా ట్రక్కుల్లోంచి వచ్చే ముక్కలు అంతకంటే పెద్దవే. అవి గుచ్చి చింపే రకం యంత్రాలు, వేగం కోసం చేసినవి. అలాగని భయపడక్కర్లేదు. 2011లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన పోటీలో ఒక బృందం ఐదు చేతిరాత పత్రాల ముక్కలను 33 రోజుల్లో అతికించింది నిజమే. కానీ ఆ పత్రాలు టన్నుల కొద్దీ ఇతరుల కాగితాలతో కలిసిపోలేదు, మిల్లులో గుజ్జు కాలేదు. ట్రక్కులో రక్షణ ముక్క చిన్నతనం కంటే ఆ కలగలుపు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి 'మీ కట్ సైజు ఎంత, బేళ్లు ఏ మిల్లుకు వెళ్తాయి' అని రెండూ కలిపి అడగాలి. మొదటిదానికే జవాబు చెప్పి రెండోదాన్ని దాటేసే కంపెనీని మేమైతే పక్కన పెడతాం.

ఇక చూడాల్సినవి. బండి పక్కన కెమెరా తెర ఉంటుంది. మీ మొదటి డబ్బా పడకముందే తొట్టి ఖాళీగా ఉందో లేదో చూడండి, ముందు కస్టమరు కాగితాలు అడుగున మిగిలి ఉంటే మీవీ అలాగే మిగిలిపోవచ్చు. చివర్లో మళ్లీ చూడండి. కాగితం గుత్తులుగా పడితే కత్తుల పైన కమానులా అడ్డుపడి కిందికి దిగదు. షాఫ్టులు ఒట్టిగా తిరుగుతుంటాయి, చప్పుడు వింటే పని జరుగుతున్నట్టే ఉంటుంది. డ్రైవరు షాఫ్టులను వెనక్కి తిప్పి, నెట్టుడు బల్లతో తోస్తే గానీ దిగదు. తొందరలో ఉన్నవాడు దాన్ని అలాగే వదిలి తరువాతి చోటికి బయల్దేరవచ్చు. వీలైతే పిడికెడు ముక్కలు చూపించమనండి. వేలంత పొడవు పట్టీలు, సగం పేజీ తునకలు కనిపిస్తే కత్తులు మొద్దుబారాయనో, జల్లెడ చిరిగిందనో అర్థం. గాలిరోజున లిఫ్టు కింద ఎగిరిపడ్డ కాగితాలను డ్రైవరు ఏరుతున్నాడా అన్నదీ గమనించాలి, మనిషి పనితనం అక్కడే తెలుస్తుంది.

అసలు బలహీనత ట్రక్కులో లేదు, ఆఫీసు నుంచి ట్రక్కు దాకా ఉన్న దారిలో ఉంది. ఈ బండ్లు పార్కింగ్ గ్యారేజీల్లో పట్టవు, రోడ్డు మీదే ఆగుతాయి. ఆరో అంతస్తు నుంచి నాలుగు ట్రిప్పుల్లో డబ్బాలు దిగుతుంటే మొదటి డబ్బా కాలిబాట మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. డబ్బాలు ఒక్కోటిగా దింపి, ఒక్కోటి ముక్కలయ్యాకే రెండోదానికి వెళ్లమని ముందే చెప్పాలి. కాస్త ఆలస్యమవుతుంది, కానివ్వండి.

స్టేపుల్ పిన్నులు, చిన్న క్లిప్పులు ఏమీ చేయవు. లివర్ ఆర్చ్ ఫైళ్ల ఇనుప కమ్మీలు, పెద్ద బైండర్ క్లిప్పులు, వేలాడే ఫోల్డర్ల ఊచలు కత్తుల పళ్లు విరుస్తాయి. తడిసిన కాగితం ముద్దగా అంటుకుంటుంది. అన్నిటికంటే ప్రమాదం ఫైలులో మరిచిపోయిన లిథియం బ్యాటరీ, కత్తి తగిలితే మంటే.

సర్టిఫికెట్ మీద తేదీ, చోటు, డబ్బాల సంఖ్య లేదా బరువు, నాశనం చేసిన పద్ధతి, సాక్షి సంతకం ఉండాలి. 'కాగితాలు నాశనం చేయబడ్డాయి' అని ఒక్క వాక్యంతో ఇచ్చేది తనిఖీలో దేనికీ అక్కరకు రాదు. ష్రెడ్డింగ్ కంపెనీల సంఘం ఇచ్చే నెయిడ్ ట్రిపుల్ ఏ సర్టిఫికేషన్ ఉందంటే ఆ కంపెనీ మీద ముందుగా చెప్పకుండా జరిగే తనిఖీలూ ఉంటాయి, అది మంచి గుర్తు. ఒప్పందంలో మాత్రం మూడేళ్ల గడువు, దానంతటదే పొడిగింపు, ఫ్యూయల్ సర్‌ఛార్జి అన్న మూడు మాటలు వెతకండి. సగం నిండిన డబ్బాకూ పూర్తి ధరే పడుతుంది.

ఇంటికి ట్రక్కు అవసరమా? మూడు నాలుగు పెట్టెలకైతే అనవసరం. క్రెడిట్ యూనియన్లు వసంతకాలంలో పెట్టే ఉచిత ష్రెడ్ డేలకు ఇదే బండి వస్తుంది, కారు డిక్కీలోంచి నేరుగా వేయొచ్చు. పది పెట్టెలు దాటితే పర్జ్, అంటే పాత కాగితాలన్నీ ఒక్కసారికే ముక్కలు చేయించే సర్వీసు, బుక్ చేయడం లాభం. నెలనెలా ఒప్పందం క్లినిక్కులకే సరిపోతుంది.

వేసేముందు గడువులు చూసుకోండి. మామూలు ట్యాక్స్ రిటర్నుల ఆధారాలు 3 ఏళ్లు, ఆదాయంలో 25 శాతానికి మించి చూపకపోతే 6 ఏళ్లు, పేరోల్ ట్యాక్సు కాగితాలు 4 ఏళ్లు. ఉద్యోగికి పనిచేసే అర్హత ఉందని చూపే ఐ-9 ఫారాన్ని ఉద్యోగంలో చేరాక మూడేళ్లు, మానేశాక ఏడాది, ఈ రెంటిలో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఉంచాలి. హెచ్-1బీ పబ్లిక్ యాక్సెస్ ఫైలును (ఎవరడిగినా చూపాల్సిన జీతం, పని వివరాల ఫైలు) ఆ ఎల్‌సీఏ (కార్మిక శాఖకు కంపెనీ పెట్టే దరఖాస్తు) కింద చివరి ఉద్యోగి పనిచేసిన రోజు తర్వాత ఇంకో ఏడాది. ఇమిగ్రేషన్ శాఖ పంపే ఐ-797 నోటీసులు, ఇండియా నుంచి తెచ్చిన డిగ్రీ సర్టిఫికెట్లు, భూమి దస్తావేజులు ఎన్నేళ్లయినా ముట్టుకోవద్దు. ఆఫీసు డబ్బాకుండేది సన్నటి గాడి, అందులో పొరపాటున పడిన కాగితం చేతికి అందదు. తాళంచెవి ఒకటి మేనేజరు దగ్గర ఉంచమని మొదటిరోజే అడిగి తీసుకోండి.